కోర్బిన్‌లో సాండర్స్ భోజనశాల

అట్లాంటా నుంచి సిన్సినాటిలోని మా అక్కయ్య ఇంటికి ఐ-75 రహదారి మీద వెళ్లినప్పుడల్లా కెంటకీలోని కోర్బిన్‌ను ఆగకుండానే దాటిపోయేవాళ్లం. ఈసారి దారి మళ్లి, కె.ఎఫ్.సి. స్థాపకుడు హార్లాండ్ సాండర్స్ పాత యు.ఎస్. 25 రోడ్డు మీద నడిపిన, ఇప్పుడు మ్యూజియంగా కూడా ఉన్న భోజనశాలను చూశాము.

1930లో ఆయన ఇక్కడ పెట్రోలు బంకు నడుపుతూ, ఆగిన బాటసారులకు తన ఇంటి భోజనాల బల్ల మీదే వడ్డించేవారు. 1937 నాటికి అది 142 మంది కూర్చునే భోజనశాల అయింది, దానికి తోడు ప్రయాణికులు రాత్రి బస చేసే మోటెల్ కూడా వెలిసింది. 1939లో అవి కాలిపోగా, ఇప్పుడున్న భవనాన్ని 1940లో తెరిచారు. ఇనుప మూకుడులో కోడి వేగడానికి అరగంట పట్టేది. అంతసేపు కూర్చునే ఓపిక ప్రయాణికులకు ఉండదు, ముందే వేయించి ఉంచితే రుచి పోతుంది. అప్పట్లో కొత్తగా వచ్చిన ప్రెషర్ కుక్కరులో వేయించే పద్ధతిని ఆయన సాధించడంతో ఆ చిక్కు తీరింది. ఆనాటి వంటగదిని మళ్లీ అలాగే అమర్చి చూపిస్తున్నారు.

నన్ను ఎక్కువసేపు నిలబెట్టింది మాత్రం మోటెల్ గది నమూనా. బస ఎక్కడన్నది ఇల్లాలే తేలుస్తుందని గ్రహించిన సాండర్స్, ఆడవాళ్లు మరుగుదొడ్డికి వెళ్లే దారిలో, భోజనశాల లోపలే ఒక గదిని కట్టించారు. ముందురోజు రాత్రి మేము దిగిన దారిపక్క మోటెల్‌లో దుప్పట్లు చెమ్మగా ఉన్నాయి, మార్చమని అడుగుదామంటే కౌంటర్లో మనిషి లేడు. సర్దిన ఆ మంచాన్ని చూసి మా ఆవిడ, "గది ముందే చూపించే ధైర్యం ఉండాలండీ" అంది.

ప్రవేశ రుసుము లేదు, గంటసేపు చాలు. అక్కడే అమ్మే కోడి వేపుడు అన్ని ఊళ్లలో దొరికేదే కాబట్టి, దాని కోసమే ఇంతదూరం రానక్కరలేదు. పిల్లలతో వచ్చేవారు దగ్గరలోని కంబర్లాండ్ జలపాతాన్ని కూడా కలుపుకొని, ఆ పార్కులోని లాడ్జిలోనే బస చేయడం మేలు.

కొత్త జాతీయ రహదారి, అంటే ఈ ఐ-75, ఊరికి దూరంగా పోతుందని తేలాక బేరం పడిపోయి, 1956లో సాండర్స్ ఈ చోటును 75,000 డాలర్లకు వేలంలో అమ్ముకున్నారు. అప్పులు తీరాక అరవై అయిదు దాటిన మనిషికి మిగిలిన ఆధారం నెలకు 105 డాలర్ల పింఛను. కుక్కరు, మసాలా కారులో వేసుకుని, తన వేపుడు పద్ధతిని అమ్మడానికి హోటలు హోటలుకూ తిరగడం ఆయన అక్కడి నుంచే మొదలుపెట్టారు. ఆ రహదారి ఎక్కడానికి మాకు పది నిమిషాలు కూడా పట్టలేదు.