కుప్పం, కావలూరు, బెంగళూరు: ముగ్గురు టీచర్ల నాలుగు రోజుల తిరుగుడు

ఫిబ్రవరిలో రెండో శనివారం చూసుకుని, దానికి ముందు రెండు సీఎల్‌లు (క్యాజువల్ లీవులు) కలిపి, మా స్కూల్ నుంచి ముగ్గురం బయల్దేరాం. నేను ఫిజికల్ సైన్స్, తోడు లెక్కల సారూ బయాలజీ సారూ. కడప జిల్లాలో మాదో హైస్కూలు. ట్రైనింగులకు ఇన్నేళ్లలో చాలా వెళ్లాం. ఒకసారైతే ఒక హాల్లో నూటపాతికమందిని కూర్చోబెట్టి, పిల్లలతో ప్రయోగాలు ఎలా చేయించాలో మూడు రోజులు స్లైడ్లు చూపించారు, ప్రయోగం మాత్రం ఒక్కటీ చేయలేదు. ఈసారి డ్యూటీ కింద లెక్కకట్టే ఓడీ లేదు, ప్రయాణ ఖర్చులిచ్చే టీఏ లేదు, సొంత డబ్బులతో మాకు నచ్చినచోటికి పోదామనుకున్నాం. లెక్కల సారు ఒక్కటే షరతు పెట్టాడు: "సోమవారం క్లాసులో పనికొచ్చేది ఏదైనా దొరికితేనే ఆ ఊరికి మార్కులు."

మొదట తిరుపతి. అలిపిరి దారిలో రీజినల్ సైన్స్ సెంటర్ ఉంది. కొండకు వెళ్లేవాళ్లంతా దాని పక్కనుంచే పోతారు, లోపలికి వెళ్లేది తక్కువ. నేనే కనీసం ఇరవైసార్లు తిరుమల వెళ్లి ఉంటా, ఇందులో అడుగుపెట్టడం ఇదే మొదలు. పిల్లల్ని ఎక్స్‌కర్షన్‌కు తీసుకెళ్లడానికి బాగుంటుంది, మీటలు నొక్కి చూసేవి చాలా ఉన్నాయి. టీచరుగా మాత్రం నాకు రెండు గంటల్లో అయిపోయింది. మీరు వెళ్తే ఊరికే తిరిగి రాకుండా ఆఫీసులో కూర్చుని, టీచర్ల కార్యక్రమాలు ఎప్పుడు పెడతారో, స్కూల్ నుంచి బ్యాచ్‌ను తెస్తే ఏం చూపిస్తారో అడగండి. మేము అడిగింది గేటు దాకా వచ్చాక, మళ్లీ వెనక్కి నడిచి.

మధ్యాహ్నం ఆర్టీసీ బస్సెక్కి చిత్తూరు, పలమనేరు, వి.కోట మీదుగా కుప్పం చేరేసరికి చీకటి పడింది. బస్టాండు దగ్గర్లోనే లాడ్జి. వేడినీళ్లు ఉన్నాయన్నాడు. ఉన్నాయి, ఉదయం ఆరు నుంచి ఆరున్నర వరకు, అదీ కింది అంతస్తు వాళ్లకే. మేము రెండో అంతస్తు. దుప్పట్లు సొంతవి తెచ్చుకోవడం మంచిది, ఇంతకంటే వివరం అక్కర్లేదు. కుప్పంలో టిఫిను మాత్రం బాగుంది, తెలుగు, తమిళం, కన్నడం ఒకే టేబుల్ మీద వినపడతాయి.

శుక్రవారం అంతా అగస్త్య ఫౌండేషన్ క్యాంపస్‌లో గడిచింది. కుప్పం నుంచి గుడుపల్లె వైపు, గుడివంక దగ్గర 172 ఎకరాలు. పిల్లలకు, టీచర్లకు ప్రయోగాలతో సైన్స్ నేర్పడానికి 1999లో రామ్‌జీ రాఘవన్ మొదలుపెట్టిన సంస్థ ఇది. ఒకప్పుడు బోడిగా ఉన్న రాతినేలలో ఇప్పుడు చెట్లు, పిట్టలు. బయాలజీ సారు అక్కడే ఆగిపోయాడు, ల్యాబులోకి రమ్మని రెండుసార్లు పిలవాల్సొచ్చింది. ముందుగా మెయిల్ పెట్టి, ఎవరం, ఏ క్లాసులు చెబుతాం, ఏం చూడాలనుకుంటున్నాం అన్నీ రాసి, ఒప్పుకున్నాకే వెళ్లాం. చెప్పకుండా ఊడిపడితే కుదరదు.

అక్కడ నాకు గుర్తుండిపోయింది ఒక ప్లాస్టిక్ సీసా. నేర్పించే అబ్బాయికి పాతికేళ్లు దాటి ఉండవు. లీటరు నీళ్ల సీసాకు కిందిభాగంలో మేకుతో చిల్లు పెట్టి, వేలు అడ్డం పెట్టి నీళ్లు నింపాడు. మూత పెట్టకుండా వేలు తీస్తే నీళ్లు ధారగా వస్తున్నాయి, అది ఎవరికైనా తెలుసు. "ఇప్పుడు సీసాను ఇలాగే వదిలేస్తా, కిందపడేటప్పుడు ధార ఏమవుతుంది సార్?" అన్నాడు. ముగ్గురి సర్వీసూ కలిపితే యాభై ఏళ్లు దాటుతుంది. లెక్కల సారు "ఇంకా వేగంగా వస్తుంది" అన్నాడు, బయాలజీ సారు "మారదు" అన్నాడు, నేను తొమ్మిదో తరగతికి గురుత్వాకర్షణ చెప్పేవాణ్ణి కాబట్టి పెద్దమనిషిలా నవ్వి ఊరుకున్నా. నిజం చెప్పాలంటే జవాబు తెలుసు, కంటితో మాత్రం ఎప్పుడూ చూడలేదు. అతను కుర్చీ ఎక్కి వదిలాడు. కత్తిరించినట్టు ధార ఆగిపోయింది! సీసా, నీళ్లు ఒకే త్వరణంతో పడుతున్నాయి కాబట్టి చిల్లు దగ్గర నీటిని బయటికి తోసే ఒత్తిడి ఉండదు. భారరహిత స్థితి అని బోర్డు మీద పదేళ్లుగా రాస్తున్నా, ఒక్క ఖాళీ సీసా ఖర్చుతో చూపించవచ్చని నాకు తట్టలేదు.

అదే క్యాంపస్‌లో రామానుజన్ మ్యాథ్ పార్క్ ఉంది, 2017 చివర్లో మొదలైంది. అందులోకి వెళ్లిన లెక్కల సారును బయటికి లాగడానికి మాకు గంటన్నర పట్టింది. కుప్పానికి మార్కులు ఎన్ని అంటే, లాడ్జికి రెండు, మిగతాదానికి పదికి పది.

శనివారం తమిళనాడులోని కావలూరు, అక్కడి టెలిస్కోపుల కోసం. కుప్పం నుంచి రైల్లో జోలార్‌పేట ముప్పావు గంట, అక్కణ్ణుంచి ఆలంగాయం మీదుగా జవ్వాది కొండల్లోకి గంటకు పైనే. బస్సులు ఉన్నాయి గానీ రాత్రి తిరిగి రావడానికి నమ్ముకోకూడదు. కారు మాట్లాడుకున్నాం, రానూపోనూ రెండున్నర వేలు, డ్రైవర్ తమిళం మాకు సగమే అర్థమైంది, మా తెలుగు ఆయనకు బాగానే అర్థమైంది. వైను బప్పు అబ్జర్వేటరీని సందర్శకులకు తెరిచేది శనివారాల్లో, వెళ్లే ముందు టైమింగ్స్ చూసుకోండి. పెద్ద టెలిస్కోపు అద్దం వ్యాసం 2.34 మీటర్లు, 1986లో దానికి ఖగోళ శాస్త్రవేత్త వైను బప్పు పేరు పెట్టారు. మనవాళ్లలో చాలామందికి తెలియని సంగతి, ఆయన పెరిగింది హైదరాబాద్‌లో, తండ్రి నిజామియా అబ్జర్వేటరీలో పనిచేసేవారు, చదువు నిజాం కాలేజీలో. ఇది పిల్లలకు చెప్పాలి అని ఫోన్‌లో రాసుకున్నా.

పెద్దదాంట్లోంచి మనల్ని చూడనివ్వరు, అది పరిశోధనకు. చిన్న టెలిస్కోపులో గురుగ్రహం చూపించారు, పక్కన ఒక గీతలో నాలుగు చుక్కలు, అవి దాని చంద్రుళ్లు. వాటిలో ఒకటి గానిమీడ్. అక్కడి ఒక మీటరు టెలిస్కోపుతోనే 1972లో ఆ చంద్రుడికి వాతావరణం ఉందన్న సూచన దొరికింది. యురేనస్ వలయాలను 1977 మార్చి 10న పట్టుకున్న బృందాల్లోనూ ఇక్కడివాళ్లు ఉన్నారు. గ్రహం ఒక నక్షత్రాన్ని కప్పేసే ముందే ఆ నక్షత్రం కొన్ని క్షణాలు మినుకుమని తగ్గి మళ్లీ వెలిగింది, అలా తెలిసింది. చేతిలో దీపం పట్టుకుని వేళ్లు అడ్డం తిప్పితే ఈ పాఠం క్లాసులో అయిపోతుంది. చలికి స్వెట్టర్ తీసుకెళ్లండి, తిండి ఆలంగాయంలోనే తినేసి వెళ్లండి. మబ్బు పడితే ఎవరూ ఏమీ చేయలేరు, మేము ఫిబ్రవరిలో వెళ్లడం అందుకే. రాత్రి తిరుపత్తూరులో పడుకున్నాం, గది శుభ్రంగా ఉంది, దోమలు కూడా ఉన్నాయి.

ఆదివారం బెంగళూరులో తప్పు నాదే. ఎస్పీ రోడ్‌లో ఎల్‌ఈడీలు, చిన్న మోటార్లు, రాగి తీగ చవగ్గా కొందామని అందర్నీ లాక్కెళ్లా, ఆదివారం అక్కడ చాలా షాపులు మూసే ఉంటాయట. తెరిచిన రెండింట్లో ఒకతను ఎల్‌ఈడీలు వందకు తక్కువ ఇవ్వనన్నాడు, సరే వందే తీసుకున్నాం, ఇప్పుడు మా ల్యాబులో కరువు లేదు. కస్తూర్బా రోడ్‌లోని విశ్వేశ్వరయ్య మ్యూజియం ఆదివారం కూడా తెరిచే ఉంటుంది, జనం మాత్రం విపరీతం. ఇంజిన్ల హాలు, రైట్ సోదరుల విమానం నమూనా చూడదగ్గవి. మామూలు రోజున పొద్దున్నే వెళ్తే ఇంకా బాగుంటుంది.

రాత్రి బస్సు. సోమవారం నిద్రమొహంతోనే తొమ్మిదో తరగతిలో బెంచీ ఎక్కి సీసా వదిలా. ధార ఆగింది, పిల్లలు అరిచారు, పక్క క్లాసు టీచరు తొంగిచూసింది. అంతలో మూడో బెంచీ అమ్మాయి లేచి, "పైకి విసిరితే సార్, పైకి పోయేటప్పుడు నీళ్లు వస్తాయా?" అంది. దీన్ని ఎవరూ అడగలేదు, కుప్పంలో మేము ముగ్గురం కూడా. అందర్నీ గ్రౌండుకు తీసుకెళ్లి విసిరాం. చెయ్యి వదిలిన క్షణం నుంచి పైకి పోయేటప్పుడూ రాలేదు, కిందికి వచ్చేటప్పుడూ రాలేదు. ఎందుకో రేపు మీరే చెప్పండి అన్నా. సీసా హెడ్మాస్టర్ గారి బైక్ మీద పడింది.