5.38 తీసేసి 4.27 వేయించాక: సుంకి ఘాట్‌లో రెండో గేరు

సాలూరు దాటి సుంకి ఘాట్ ఎక్కేటప్పుడు రెండో గేరులో పడేసి, ఇక గేరు రాడ్డు ముట్టకుండా పైదాకా వచ్చేయడం ఎంత హాయో ఇన్నాళ్లూ నాకు తెలీదు. డిఫరెన్షియల్, అంటే వెనక ఇరుసులో చక్రాలను తిప్పే పళ్ల సెట్టు, మార్పించి ఒక వానాకాలం దాటింది. ఈ ఒక్క సుఖం కోసం పెట్టిన ఖర్చంతా మర్చిపోయాను. కనీసం మర్చిపోయానని ఇంట్లో చెప్తున్నాను.

బండి గురించి రెండు ముక్కలే. ఒడిశా జైపూర్‌లో మా ఇంటి వెనక షెడ్డులో ట్యూబు ఫ్రేము వెల్డింగ్ చేసుకుని కట్టుకున్న రెండు సీట్ల ఓపెన్ బండి ఇది. ఇంజనూ ఐదు గేర్ల బాక్సూ పాత కాంటెస్సా కారువి, ఇసుజు 1.8. వెనక ఇరుసు పాత జీపుది, స్పైసర్ 44 రకం. కాంటెస్సా ఇరుసే వాడొచ్చు కదా అంటారు, దొరకలేదు. కాగితాల గొడవ, బండి మార్పుల మీద మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 సంగతి ఇక్కడ ఎత్తను.

జీపు ఇరుసులో క్రౌన్‌కి (పెద్ద పళ్ల చక్రం) 43 పళ్లు, పినియన్‌కి (దాన్ని తిప్పే చిన్నది) 8. అంటే 5.38, బండి చక్రం ఒక్క చుట్టు తిరగడానికి పినియన్ అన్ని చుట్లు తిరగాలి. బరువులు మోసే జీపుకి అది బాగుంటుంది గానీ, ఎనిమిది వందల కిలోలు కూడా తూగని బండికి ఎందుకు? 205/65 ఆర్15 టైర్లతో నాలుగో గేరులో 80 మీద ఇంజన్ నిమిషానికి 3,500 చుట్లు తిరిగేది. ఘాట్‌లో రెండో గేరు యాభైకే అరుపందుకునేది. మూడోది వేసేలోపు ఇంకో మలుపు, మళ్లీ రెండు. ఇప్పుడు 47కి 11 పళ్ల సెట్టు, 4.27. అదే 80లో 2,800. రెండో గేరు అరవై దాటేదాకా లాగుతుంది, గట్టి మలుపులోనూ పట్టు వదలదు.

అయితే ఈ హాయి వేయించగానే రాలేదు. సెట్టు విశాఖలో ఒక పాత సామాన్ల షాపులో కొన్నాను. బిగించాక యాక్సిలరేటర్ తొక్కినంతసేపూ బండి నోరెత్తలేదు. ఘాట్ దిగుతూ కాలు తీయగానే మొదలైంది, వీపు వెనక ఎవరో సన్నాయి ఊదుతున్నట్టు. టాపు లేని బండి కదా, ఆ కచేరీ అంతా చెవుల్లోకే.

మా మేస్త్రి హౌసింగ్ కవర్ విప్పి, గోడ మీది ఆంజనేయస్వామి పటం దగ్గరున్న సింధూరం పొట్లం తీశాడు. పళ్లు ఎక్కడ ఒరుసుకుంటున్నాయో మచ్చ పడి తెలియాలని, ఆముదంలో కలిపి క్రౌన్ పళ్లు నాలుగైదింటికి పూసి, చక్రాన్ని కొంచెం బిగబట్టి తిప్పించాడు. తొక్కినప్పుడు ఒరుసుకునే వైపు మచ్చ పంటి మధ్యలో పడింది. కాలు తీసినప్పటి వైపు మాత్రం పంటి బయటి చివరకు జారిపోయింది. పినియన్ లోపలి బేరింగ్ కప్పు కింద షిమ్ము (పల్చటి రేకు వాషరు) మార్చాడు. ఈ రకం ఇరుసులో క్రౌన్ పక్క షిమ్ములు కూడా బేరింగ్‌ల కిందే ఉంటాయి. అంటే మార్చిన ప్రతిసారీ పుల్లర్‌తో బేరింగ్ పీకాలి, మళ్లీ కొట్టాలి. డయల్ గేజ్‌లో ప్లే, అంటే పళ్ల మధ్య వదులు, 6 నుంచి 10 థౌ (అంగుళంలో వెయ్యో వంతులు) మధ్యే ఉంది, అందులో తప్పులేదు. కానీ ఈ వైపు మచ్చ సరిచేస్తే ఆ వైపుది పరిగెడుతుంది.

చివరికి పినియన్ మూతిని కిరోసిన్‌తో తుడిచి టార్చి వేశాడు. దాని మీద ఒక నంబరు, క్రౌన్ అంచు మీద ఇంకో నంబరు.

"ఇవి జత కావు బాబూ. వీటికి ఎన్ని షిమ్ములేసినా అంతే."

క్రౌన్, పినియన్ ఫ్యాక్టరీలోనే ఒకదాని మీద ఒకటి ఆడించి నునుపు చేసి, రెంటికీ ఒకే నంబరు కొడతారు. షాపువాడికి ఫోన్ చేస్తే "పళ్లు కలిశాయి కదా సార్, ఇంకేం కావాలి" అన్నాడు! చాలా గింజుకున్నాక జత సెట్టు పంపాడు, రవాణా ఖర్చు మాత్రం నా నెత్తినే. అది బిగించి సింధూరం పూస్తే మచ్చ రెండువైపులా మధ్యలో పడింది. కొత్త పళ్లు కుదురుకునేదాకా, 800 కిలోమీటర్ల వరకు, మెల్లగా తోలి 90 నంబరు జీఎల్-5 గేర్ ఆయిల్ మార్చాను. సన్నాయి మళ్లీ వినపడలేదు.

ఇక హాయి అన్నాను గానీ, ముందు దామన్‌జోడి వైపు ఎక్కే లోడు లారీ ఉంటే ఆ హాయి సగమే. చక్రాల దగ్గర లాగుడు ఐదో వంతు తగ్గింది. ఎత్తులో ఆగి కదిలేటప్పుడు క్లచ్ ఆడించక తప్పదు, ఒక్కోసారి వాసన కూడా వస్తుంది. పాత 5.38తో ఈ బాధ లేదు. ఐదో గేరు సాలూరు కింద మైదానంలో తప్ప పనికిరాదు. స్పీడోమీటర్ తీగ గేర్‌బాక్సు నుంచి వస్తుంది కాబట్టి అది 64 చూపిస్తుంటే బండి 80లో ఉంటుంది. దానికి మందు ఇంకా వేయలేదు, ఫోన్‌లో జీపీఎస్ చూసుకుంటున్నాను.

నాది తేలిక బండి, వారం వారం ఘాట్ ఎక్కి దిగే పని, కాబట్టి నాకు సరిపోయింది. మామూలు జీపులో లోడు వేసేవాళ్లు దీని జోలికి రాకపోవడమే మేలు. ఫోర్‌వీల్ అయితే ముందు ఇరుసు కూడా ఇదే రేషియోకి మార్చాలి, ఖర్చు రెండింతలు. 3.73 వేస్తే హైవేలో ఇంకా బాగుంటుందని ఒక మిత్రుడు ఊదరగొడుతున్నాడు. 3.73కి క్రౌన్‌ని బిగించే లోపలి క్యారియర్ కూడా మార్చాలి. పైగా మొదటి గేరు ఇప్పుడే బరువుగా ఉంది. విజయనగరం వైపు మకాం మారిస్తే అప్పుడు ఆలోచిస్తాను.