801 డి4: ధర ఎక్కడ వినిపిస్తుంది, ఎక్కడ వినిపించదు

బ్రిటిష్ సంస్థ బవర్స్ అండ్ విల్కిన్స్ 2021లో విడుదల చేసిన 801 డి4 స్పీకర్ల జత ధర అప్పట్లో అమెరికాలో 35,000 డాలర్లు. అంతకు ముందు ఏడాది మరో బ్రిటిష్ సంస్థ కెఫ్ తెచ్చిన చిన్న స్పీకర్లు ఎల్‌ఎస్50 మెటా జత అప్పుడు దాదాపు 1,500 డాలర్లు. మొదటిదాని ధరకు రెండోవి ఇరవై మూడు జతలు వచ్చేవి. ఈ రెండింటినీ ఒక షోరూములో, ఒకే హాలులో, ఒకే యాంప్లిఫైయర్‌తో, ఒకే కర్ణాటక కచేరీ రికార్డింగుతో విన్న తరువాత నాకు తోచినది ఏమిటంటే, 801 గొప్ప స్పీకరే గానీ దాని ధరలో సింహభాగం గాత్రానికి కాక మంద్ర ధ్వనులకే చెల్లుతుంది.

తంబూర నాదం, గాయని ఊపిరి తీసుకునే చప్పుడు, గమకంలో స్వరం జారే తీరు, వీటిలో రెండింటికీ మధ్య ఉన్న తేడా ధరలో ఉన్న తేడాకు దరిదాపుల్లో కూడా లేదు. కెఫ్‌లో 5.25 అంగుళాల కోన్ నడిమధ్యనే ట్వీటర్ (తారస్థాయి ధ్వనులను పలికించే భాగం) ఉండడం వల్ల గాత్రం రెండు స్పీకర్ల నడుమ ఒకే చోట స్థిరంగా నిలుస్తుంది. తని ఆవర్తనం, అంటే మృదంగం ఒంటరిగా వాయించే ఘట్టం, మొదలయ్యాకే సంగతి మారింది. మృదంగం తొప్పి (మంద్రంగా మోగే ఎడమ ముఖం) మీద అరచెయ్యి పడి గుంకారం సాగే చోట చిన్న స్పీకరు దెబ్బను వినిపించగలిగింది గానీ ఆ వెనుక వచ్చే బరువును అందించలేకపోయింది. శబ్దం పెంచిన కొద్దీ ఉక్కిరిబిక్కిరి అయింది. మంద్ర ధ్వనుల కోసం రెండేసి 10 అంగుళాల వూఫర్లున్న, ఒక్కొక్కటి నూరు కిలోలు దాటే 801కు అది శ్రమగానే అనిపించలేదు.

అయితే ఆ షోరూము హాలు విశాలమైనది, గోడలకు శబ్దాన్ని పీల్చే పలకలున్నాయి. మన అపార్టుమెంట్లలోని పన్నెండడుగుల గది, టైల్స్ నేలతో, ఒట్టి గోడలతో, సుమారు 47 హెర్ట్జ్ (సెకనుకు కంపనాల సంఖ్య, తగ్గేకొద్దీ ధ్వని మంద్రం) దగ్గర తానే మోగడం మొదలుపెడుతుంది. 79 హెర్ట్జ్ దిగువన సన్నగిల్లే ఎల్‌ఎస్50 ఆ మోతను పెద్దగా లేపదు. 15 హెర్ట్జ్ దాకా దిగే 801 పూర్తిగా లేపుతుంది. లక్షలు పోసి కొన్న మంద్రం అక్కడ ఏ వాద్యానిదో తెలియని హోరుగా మిగులుతుంది.

ధ్వని పరిశోధకులు ఫ్లాయిడ్ టూల్, షాన్ ఓలివ్ 1994లో ప్రచురించిన పరీక్షల్లో, స్పీకర్లను చూస్తూ విన్నప్పుడు శ్రోతలు వేసిన మార్కులు, చూడకుండా విన్నప్పుడు వేసిన వాటితో సరిపోలలేదు. అడ్డంగా తెర కట్టమంటే అమ్మకందారు చిన్నబుచ్చుకుంటాడేమో గానీ, పాతిక లక్షల పైమాట కనుక అడగడంలో తప్పు లేదు.

ఇరవై అడుగులు దాటిన హాలు, దాన్ని శబ్దానికి తగ్గట్టు సరిచేయించే ఓపిక ఉన్నవారికి 801 తగినదే. మిగిలినవారు ఎల్‌ఎస్50 తీసుకుని, నేల మీద మందపాటి తివాచీ, కిటికీలకు బరువైన తెరలు, అవసరమనిపిస్తే మంద్రానికి విడిగా ఒక సబ్‌వూఫర్ చేర్చుకోవడం మంచిది. ఎల్‌ఎస్50 సెన్సిటివిటీ, అంటే ఇచ్చిన విద్యుత్తుకు ఎంత గట్టిగా మోగుతుందన్న కొలత, 85 డెసిబెల్సే కాబట్టి, యాంప్లిఫైయర్ విషయంలో మాత్రం పిసినారితనం పనికిరాదు.