ఆటోనగర్ నుంచి సల్సా క్లాసుకి: రెండున్నరేళ్ళ తర్వాత నా రివ్యూ

ముందే చెప్పేస్తాను. విజయవాడలో సల్సా, అంటే జంటగా ఆడే డాన్స్, నేర్చుకోవచ్చు. నలభై దాటాక కూడా నేర్చుకోవచ్చు. కాకపోతే నేర్చుకున్నది ఆడటానికి ఊళ్ళో చోటు లేదు. ఫీజు కట్టేముందు ఈ చివరి మాట నాకెవరూ చెప్పలేదు. అందుకే ఇదంతా రాస్తున్నాను.

నాకు ఆటోనగర్‌లో స్పేర్ పార్ట్స్ షాపుంది. లారీల క్లచ్ ప్లేట్లు, బ్రేక్ డ్రమ్ములు, లైనర్లు అమ్ముతాను. 2022 చివర్లో రక్తపరీక్ష చేయిస్తే షుగర్ బోర్డర్‌లో ఉందన్నారు, రోజూ నడవమన్నారు. నెల రోజులు నడిచాను. పార్కులో ఎదురైన ప్రతి కస్టమరూ పాత బాకీకి గడువు అడిగేవాడు, లేదా కొత్త రేట్ల మీద బేరం పెట్టేవాడు. నడక కాస్తా రెండో షాపైపోయింది. అప్పుడే పటమట వైపు ఒక మేడ మీద సల్సా, బచాటా, జుంబా అని బోర్డు కనిపించింది. నిజానికి జుంబా కోసమే మెట్లెక్కాను. ఆ బ్యాచ్ పొద్దున పదింటికి. అది షాపు తీసే టైము. రాత్రి ఎనిమిదింటికి ఖాళీ ఉన్నది సల్సాలోనే. నా సల్సా ప్రేమకథ మొత్తం ఇంతే.

మొదటిరోజు మాస్టారు నన్ను "అంకుల్" అన్నారు. ఆయనకి ఇరవయ్యారేళ్ళుంటాయేమో. రెండో వారానికి "సార్" అయ్యాను. ఇంట్లో మా అమ్మ "సల్సా అంటే ఏంట్రా?" అని అడిగింది. స్పానిష్‌లో సాస్ అని అర్థమనీ, మన పచ్చడి లాంటిదనీ చెప్పాను. "పచ్చడి నేర్చుకోడానికి నెలకి రెండు వేలా? నా పక్కన కూర్చోరా, ఊరికే నేర్పుతా" అంది.

ఇక అసలు విషయం. లెక్క ఎనిమిది, అడుగులు మాత్రం ఆరే. ఒకటి, రెండు, మూడుకి అడుగులు, నాలుగుకి ఆగాలి. అయిదు, ఆరు, ఏడుకి అడుగులు, ఎనిమిదికి ఆగాలి. లీడ్ చేసేవాళ్ళకి, అంటే జంటలో నడిపించేవాళ్ళకి, ఒకటి దగ్గర ఎడమకాలు ముందుకి, అయిదు దగ్గర కుడికాలు వెనక్కి. బేసిక్ అంటే ఇదే. ఇంత చిన్నదానికి నాకు ఏడు వారాలు పట్టింది. నడకకి అలవాటుపడ్డ కాళ్ళు నాలుగు దగ్గర ఆగవు. ఒక కాలు తర్వాత రెండోది దానంతట అదే లేచిపోతుంది. తెలుగులో లెక్కపెట్టుకుందామంటే "ఒకటి" అనేసరికే మూడు అక్షరాలు, పాట వెళ్ళిపోతుంది. మా పక్కింటి అమ్మాయి ఘంటసాల గారి పేరుతో ఉన్న సంగీత నృత్య కళాశాలలో కూచిపూడి నేర్చుకుంటోంది. మా ఇంటి మేడ మీద నా అవస్థ చూసి, "లెక్క వదిలెయ్యండి అంకుల్. తకిట అనుకోండి, తర్వాత ఒక అక్షరం మింగెయ్యండి. మళ్ళీ తకిట, మళ్ళీ మింగండి" అంది. అక్షరానికో అడుగు. ఆ రాత్రే దారిలో పడ్డాను. మాస్టారికి చెబితే ఆయన కూడా కొత్త బ్యాచ్‌కి తకిట మొదలుపెట్టారు. ఆ అమ్మాయికి మాత్రం ఫీజులో వాటా ఇవ్వలేదు.

అడుగులు కుదిరాక ఇంకో గోడ అడ్డొచ్చింది. పాటలో "ఒకటి" ఎక్కడుందో వినిపించదు. మన సినిమా పాటల్లో డోలో డ్రమ్మో గట్టిగా కొట్టి చెబుతుంది. సల్సాలో కాంగా అనే డోలు ఒక మాట చెబుతుంది, పియానో ఇంకో మాట, గంట మరో మాట. వీటన్నిటి వెనకా క్లావే అని ఒక లెక్క నడుస్తుంది. రెండు చెక్కముక్కలు ఒకదాని మీద ఒకటి కొడితే వచ్చే అయిదు దెబ్బలు, ఒక సగంలో మూడు, రెండో సగంలో రెండు. ఎనిమిది లెక్కలో చెప్పాలంటే ఒకటి, రెండున్నర, నాలుగు, తర్వాత ఆరు, ఏడు. కొన్ని పాటల్లో రెండు దెబ్బలు ముందు, మూడు తర్వాత వస్తాయి. షాపులో కౌంటరు మీద స్పానర్‌తో దీన్ని రోజూ కొట్టి కొట్టి మా కుర్రాళ్ళకి తలనొప్పి తెప్పించాను. అయినా నాకు "ఒకటి" దొరికింది క్లావే వల్ల కాదు, గంట వల్ల. పాట ఊపందుకునే చోట వాయించే ఆ ఇనపగంట మోత చెవిలో పడితే మిగతావి వాటంతటవే సర్దుకుంటాయి. ఇనుము మీద దెబ్బ వినపడకుండా ఉంటే నేను ఆటోనగర్ మనిషినెలా అవుతాను? ఇంకో సంగతి తెలిసి నాకు భలే సంతోషమేసింది. క్యూబాలోని సాంటియాగో ఊరి కార్నివాల్ వాయిద్యాల్లో కార్ల పాత బ్రేక్ డ్రమ్ములు వాడతారు. మేం తూకానికి అమ్మేసే సరుకు వాళ్ళకి వాద్యం!

చరిత్ర ఎక్కువ చెప్పను. క్యూబాలో పుట్టిన సోన్, మాంబో లాంటి సంగీతాలు న్యూయార్క్‌లోని ప్యూర్టోరికో, క్యూబా వాళ్ళ చేతుల్లో కలిసి 1960ల్లో, 70ల్లో సల్సా అన్న పేరుతో అమ్ముడయ్యాయి. అందులో 1964లో మొదలైన ఫానియా రికార్డు కంపెనీ పాత్ర పెద్దది. క్యూబా గాయని సీలియా క్రూజ్ గొంతు ఒక్కసారి వినండి, క్లాసులో వేసే రీమిక్సులు ఆ తర్వాత చప్పగా ఉంటాయి.

కొత్తగా చేరేవాళ్ళకి ముఖ్యంగా చెప్పాల్సింది చెప్పుల గురించి. నేను నడక కోసం కొన్న స్పోర్ట్స్ షూస్ తోనే వెళ్ళాను. రబ్బరు అడుగు నేలని పట్టేసుకుంటుంది. పైన ఒళ్ళు తిరుగుతుంది, కింద పాదం తిరగదు, మధ్యలో మోకాలు నలుగుతుంది. మూడో నెలలో కుడి మోకాలు వాచి రెండు వారాలు షాపులో కుర్చీకే పరిమితమయ్యాను. డాన్స్ షూస్‌కి అడుగున స్వెడ్ తోలు ఉంటుంది, అది తగినంత జారుతుంది. నేను వన్‌టౌన్‌లో చెప్పులు కుట్టే పెద్దాయన దగ్గర పాత లెదర్ షూస్‌కి స్వెడ్ ముక్క అంటించుకున్నాను. ఏడాదిన్నర వచ్చాయి. మడమ కాస్త లేపి పాదం ముందుభాగం మీద తిరగడం కూడా ఎవరైనా మొదటి వారంలోనే నేర్పాలి. మా దగ్గర రెండో నెలలో నేర్పారు. టైల్స్ మీద పౌడరు చల్లే మహానుభావులు కొందరుంటారు, వాళ్ళకి దూరంగా ఆడండి.

నడుము విషయం కూడా చెప్పాలి. మగవాళ్ళం చాలామందిమి సిగ్గుపడేది దానికే. తీరా చూస్తే నడుము తిప్పే పనే లేదు. మోకాలు కొంచెం వంచి అడుగేసి, బరువు దాని మీదకి తెచ్చి, మోకాలు సాగదీస్తే తుంటి దానంతటదే పక్కకి వాలుతుంది. కావాలని తిప్పితే మాత్రం పెళ్ళి ఊరేగింపులో తాగినవాడి ఆటలా ఉంటుంది. వీడియోలో నన్ను నేను చూసుకుని చెబుతున్న మాట ఇది.

లీడ్ చేయడమంటే ఏమిటో నాకు క్లచ్‌తోనే అర్థమైంది. ఎదుటివాళ్ళ చేయి పట్టుకుని తోయకూడదు, లాగకూడదు. అలాగని చేతులు వడలిన తోటకూర కాడల్లా వేలాడకూడదు. క్లచ్ ఒక్కసారిగా వదిలితే బండి ఎగిరిపడుతుంది, అసలు పట్టకపోతే ఇంజన్ అరుస్తుందే తప్ప చక్రం కదలదు. ఆ పట్టు మధ్యలో ఎక్కడో ఉంటుంది. దాన్నే ఫ్రేమ్ అంటారు. తిప్పబోతున్న సంగతి ఒక లెక్క ముందే చేతికి తెలియాలి. ఈ పాఠం మా ఆవిడ మీద ప్రయోగించి చేతులు కాల్చుకున్నాను. రెండు నెలలు తనూ వచ్చింది. మా మాస్టారి మొదటి నియమం, పార్ట్‌నర్‌ని ఎవరూ సరిదిద్దకూడదని. నేను ప్రతి ఎనిమిదికీ ఒక సలహా ఇచ్చేవాణ్ణి. ఒకరోజు క్లాసు మధ్యలో "ఏమండీ, మీరు నన్ను తిప్పట్లేదు, బస్తా దొర్లిస్తున్నారు" అని పెద్దగా అనేసి వెళ్ళి కూర్చుంది. మర్నాటి నుంచి రాలేదు. తప్పు నాదే, ఆ రోజు ఒప్పుకోలేదంతే.

క్లాసులో మగవాళ్ళం తొమ్మిదిమంది, ఆడవాళ్ళు నలుగురు. రెండు పాటలకోసారి జంటలు మారాలి. పరాయి ఆడమనిషి చేయి పట్టుకోవడమంటే మొదటి నెల నా అరచేతులు చెమటతో కారిపోయేవి. ఆమెకీ అంతే టెన్షనని తర్వాత తెలిసింది. రెండు టీషర్టులు, చేతిరుమాలు తీసుకెళ్ళండి. సాయంత్రం మిరపకాయ బజ్జీలో ఉల్లిపాయలు వద్దనండి. రోహిణి కార్తెలో ఏసీ ఆగిపోయిన రోజు మూడు టీషర్టులు కావాలి.

నా ఫిర్యాదులు కూడా రాయాలి కదా. స్టూడియో పేరు చెప్పను. మూడు నెలల ఫీజు ముందే కట్టించుకున్నారు, రెండో నెలలో మాస్టారు బెంగళూరు వెళ్ళిపోయారు. తర్వాత వచ్చినాయన మళ్ళీ బేసిక్ నుంచి మొదలెట్టారు. పెళ్ళిళ్ళ సీజన్లో సంగీత్ బ్యాచ్‌ల కోసం మా టైము అరగంట తగ్గించేవారు. పదిహేను రోజుల్లో వధూవరులకి ఒక పాట నేర్పితే వచ్చే డబ్బు మా ఏడాది ఫీజు కంటే ఎక్కువట, ఆ లెక్క నాకూ అర్థమవుతుంది. అర్థంకానిది ఒకటే. అడగకుండా మా క్లాసు వీడియోలు రీల్స్‌లో పెట్టారు. ఒకమ్మాయి వాళ్ళ బంధువులెవరో చూసి ఇంట్లో గొడవ చేశారు, ఆ అమ్మాయి మానేసింది. మా అందరిలో చెవి బాగున్నది ఆమెకే. చేరేరోజే "నా వీడియో పెట్టకండి" అని రాసివ్వండి, ముఖ్యంగా ఆడపిల్లలు.

యూట్యూబ్ చూసి నేర్చుకోవచ్చా అని చాలామంది అడిగారు. నేను మూడు నెలలు పాడుచేసుకున్నది అక్కడే. కొందరు లెక్కలో ఒకటి మీద ముందడుగు వేసి దిశ మారుస్తారు, అది లాస్ ఏంజిలిస్ పద్ధతి. కొందరు రెండు మీద, అది న్యూయార్క్ పద్ధతి, ఎడ్డీ టోరెస్ అనే ఆయన దానికి పేరు తెచ్చారు. క్యూబా వాళ్ళు గీతలో కాకుండా ఒకరి చుట్టూ ఒకరు గుండ్రంగా తిరుగుతారు. నేను మూడూ కలిపి కిచిడీ చేశాను. మీ క్లాసులో ఏది చెబితే ఏడాది పాటు అదే పట్టుకోండి.

ఇంక హైదరాబాద్ సంగతి. ఏడాది పూర్తయ్యాక నలుగురం కలిసి బస్టాండులో బస్సెక్కి ఒక సోషల్‌కి వెళ్ళాం. సోషల్ అంటే క్లాసు కాదు. పాటలు పడుతుంటాయి, ముక్కూమొహం తెలియనివాళ్ళని అడిగి ఆడాలి. మా క్లాసులో పాటలు నింపాదిగా ఉండేవి. అక్కడ నిమిషానికి 180, 200 బీట్ల పాటలు పడుతున్నాయి. క్రాస్ బాడీ లీడ్ (పార్ట్‌నర్‌ని మన ముందు నుంచి అవతలి వైపుకి దాటించడం), లోపలి టర్న్, చేయి వెనక్కి మడిచే విన్యాసం, నాలుగు ఎనిమిదుల వరస నాకు కంఠతా వచ్చు. అడుగు పెట్టగానే మొత్తం ఎగిరిపోయింది. గుర్తొచ్చిన ముక్కలన్నీ వరసగా నాతో మొదట ఆడినామె మీద పారేశాను. పాటయ్యాక ఆమె నవ్వి, "మీరు చాలా బాగా లెక్కపెడుతున్నారు. ఈసారి పాట కూడా వినండి" అంది. మిగతా రాత్రంతా బేసిక్, రైట్ టర్న్, క్రాస్ బాడీ ఈ మూడే చేశాను. పదకొండు మందితో ఆడాను. ఎవరూ మధ్యలో వదిలేసి పోలేదు. క్లాసులో ఆరు నెలల్లో రానిది ఆ ఒక్క రాత్రి వచ్చింది. ఒక్కొక్కరి చేయి ఒక్కోరకంగా ఉంటుంది, నేర్చుకున్న వరస అక్కడ పనికిరాదు, ఎదుటి చేయి ఏం చెబుతోందో వినాలి.

నాకు తెలిసినంతలో విజయవాడలో అలాంటి సోషల్ లేదు. హైదరాబాద్‌కి పోనూ రానూ అయిదొందల పైచిలుకు కిలోమీటర్లు, నెలనెలా బస్సెక్కడం కుదిరే పని కాదు. ఇక్కడ క్లాసులో వరసలు కంఠతా పట్టించి, నాలుగు నెలలకోసారి స్టేజి మీద ప్రోగ్రాం చేయిస్తారు. ఈత ఒడ్డున నేర్పినట్టే. మా ఊళ్ళో ఈతకి మాత్రం కృష్ణ ఉంది.

దీనికి మాకు దొరికిన మందు రుయెదా. 1950ల చివర్లో హవానాలో మొదలైన పద్ధతి అది. జంటలన్నీ వలయంగా నిలబడతాయి, ఒకరు పేర్లు అరుస్తారు, "దామే" అంటే అందరూ ఒకేసారి పక్క పార్ట్‌నర్‌ని అందుకోవాలి. అరిచేది ఏదో ముందు తెలియదు కాబట్టి కంఠతా పట్టే వీలుండదు, జంటలు మారుతూనే ఉంటాయి కాబట్టి నాలుగైదు జంటలతోనే సోషల్లో సగం ఫలితం వస్తుంది. మా అమ్మ ఫోన్లో వీడియో చూసి, "కోలాటమే కదరా, కర్రలేవీ?" అంది. చిన్న ఊళ్ళో నేర్చుకునేవాళ్ళు మాస్టారిని రుయెదా అడిగి మరీ నేర్పించుకోండి.

2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగి సింగ్‌నగర్ మునిగినప్పుడు మా బ్యాచ్‌లో ముగ్గురి ఇళ్ళు అక్కడే. దాదాపు నెల క్లాసు లేదు. మళ్ళీ మొదలయ్యేసరికి సగంమంది రాలేదు, కొందరు ఇప్పటికీ రాలేదు. మిగిలినవాళ్ళం స్టూడియో మానేసి మా ఇంటి మేడ మీదకి మారాం.

షుగరు ఇప్పుడు హద్దులోనే ఉంది. మూడు కిలోలు తగ్గాను. అది సల్సా వల్లో, రాత్రి అన్నం మానేయడం వల్లో నేను చెప్పలేను. చెప్పులతో, ఊరి ప్రయాణాలతో కలిపి ఇప్పటిదాకా డెబ్బై వేల దాకా అయ్యుంటుంది. ఒళ్ళు తగ్గడమే కావాలంటే ఆ డబ్బు దండగ, ఊరికే నడవండి. పెళ్ళిలో ఒక పాటకి ఆడటం కావాలంటే సంగీత్ బ్యాచ్ చాలు. కొత్త మనిషి ఎదురుగా నిలబడి మూడున్నర నిమిషాలు ఏదో ఒకటి కలిపి చేయాలన్న సరదా ఉంటే మటుకు చేరండి. మొదటి మూడు నెలలు సిగ్గుతో చస్తారు, ముఖ్యంగా లీడ్ చేసేవాళ్ళు. ఫాలో అయ్యేవాళ్ళు ముందే పాటలో పడిపోతారు, మనం ఇంకా లెక్కలోనే ఉంటాం. అది మామూలే.

ఇప్పుడు ఆదివారం సాయంత్రాలు ఏడెనిమిది మందిమి మా మేడ మీద కలుస్తున్నాం. తొమ్మిదిన్నరకి కింద వాటా పిన్నిగారు గరిటెతో మెట్ల రెయిలింగ్ మీద కొడతారు, అదే మా ఆఖరి పాట. సిమెంటు నేల గరుకు, స్వెడ్ నెల తిరక్కుండా అరిగిపోతోంది. అందుకని పాత ఫ్లెక్సీలు తెచ్చి బిగించి పరిచి, చుట్టూ ప్యాకింగ్ టేపు వేస్తున్నాం. తెల్లవైపు పైకి రావాలి. ఒకసారి చీకట్లో చూసుకోకుండా తిరగేసి పరిచాం. లైటు వేశాక చూస్తే మా వార్డు నాయకుడి పుట్టినరోజు నవ్వు మీద అప్పటికే మూడు పాటలైపోయాయి.