జాగ్రత్త: ‘ఫిష్‌మీల్ లేని 42 శాతం ప్రోటీన్ మేత’ చవగ్గా వస్తోందని బస్తాలు దించుకోకండి

చేవెళ్ల, శంషాబాద్, షామీర్‌పేట వైపు ట్యాంకుల్లో కొర్రమీను పెంచేవాళ్లకు వాట్సాప్‌లో ఒక ఆఫర్ తిరుగుతోంది. ఫిష్‌మీల్ (ఎండుచేపల పిండి) బదులు సోయా, పురుగుపిండి కలిపిన తేలే మేత, ప్రోటీన్ 42 శాతం, ధర మామూలు మేతకంటే బాగా తక్కువ. బస్తా మీద బ్యాచ్ నంబరు ఉండదు, తయారీ తేదీ ఉండదు, ఏ ముడిసరుకు ఎంత కలిపారో ఉండదు. అమ్మేది ఒక్కరే కాదు కాబట్టి పేరు రాయడం లేదు. సరుకును గుర్తుపట్టడం ముఖ్యం.

వేసిన కొద్ది రోజులకే చేప మేతను నోట్లోకి తీసుకుని ఉమ్మేస్తుంది. మలం తెల్లటి దారంలా సాగుతుంది. నీటి మీద నురుగు నిలుస్తుంది, అమ్మోనియా పెరుగుతుంది. బోరునీళ్ల పీహెచ్ 8 దాటిన చోట ఆ అమ్మోనియాయే చేపను చంపొచ్చు. పేగుల్లో పురుగులున్నా తెల్ల మలం వస్తుంది కాబట్టి ముందు మైక్రోస్కోపు కింద చూపించండి. పురుగు లేదు, పేగు వెనకభాగం ఎర్రగా వాచి ఉంది అంటే అనుమానం మేత మీదే. అప్పుడు పరీక్ష లేకుండా యాంటీబయాటిక్ కొనడం డబ్బు దండగ.

బస్తా మీది ‘ప్రోటీన్’ అసలు ప్రోటీన్‌ను కొలిచిన అంకె కాదు. ల్యాబులో నత్రజనిని కొలిచి 6.25తో గుణిస్తారు, అంతే. ఆ నత్రజని ఎక్కడినుంచి వచ్చినా లెక్కలోకి వస్తుంది. యూరియాలో నత్రజని 46 శాతం, అంటే ఈ లెక్కలో దాని ‘ప్రోటీన్’ 287 శాతం! వంద కిలోలకు 2 కిలోల యూరియా కలిపితే 26 శాతం మేత రిపోర్టులో 31 దాటుతుంది. పురుగుపిండితో ఇంకో తిరకాసు. ఆ పిండికి వాడే నల్ల సైనికఈగ (బ్లాక్ సోల్జర్ ఫ్లై) లార్వా పెంకులోని కైటిన్ అనే గట్టి పదార్థంలోనూ నత్రజని ఉంటుంది, అది ప్రోటీన్ కాదు. అందుకే ఆ పిండికి 4.76తో గుణించాలని పరిశోధకులు చెబుతారు. 6.25తో 42 అని వచ్చిన పిండిలో నిజంగా ఉన్నది 32. పైగా నూనె తీయని పిండిలో కొవ్వు మూడో వంతు దాకా ఉంటుంది, నిల్వలో ముక్కిపోతుంది. పురుగుపిండి చెడ్డదని కాదు. నూనె తీసి, తక్కువ మోతాదులో కలిపితే కొర్రమీను బాగానే తింటుంది.

సోయాది వేరే కథ. పచ్చి సోయాలోని ట్రిప్సిన్ నిరోధకాలు ప్రోటీన్‌ను అరిగించే ఎంజైమ్‌ను కట్టేస్తాయి. సరిగ్గా ఉడికిస్తే అవి పోతాయి. సోయాలోనే ఉండే సపోనిన్లు అనే నురుగు పదార్థాలు మాత్రం వేడికి పోవు, పేగు గోడను వాచేలా చేసేది ముఖ్యంగా ఇవే. ‘మాది బాగా ఉడికించిన సోయా’ అని డీలర్ అంటే సగం జవాబే చెప్పినట్టు. సపోనిన్లు పోయేలా ఆల్కహాల్‌తో కడిగిన సోయా కాన్సంట్రేట్ వాడారా అని అడగండి, మాట మారుస్తాడు. సోయాలోని భాస్వరంలో మూడింట రెండు వంతులు ఫైటేట్ అనే, చేపకు అందని రూపంలో ఉంటుంది. దాన్ని విడగొట్టే ఎంజైమ్ చేపకు దాదాపు లేదు. ఆ ఎంజైమే, అంటే ఫైటేజ్, కలిపామన్నా, పెల్లెట్ (మేత గుళిక) తయారయ్యాక పైన చల్లారా, ముందే కలిపి మెషిన్ వేడికి చంపేశారా అన్నది అడగాల్సిందే.

బంగారుతీగకు కూడా సోయా ఎక్కువైతే మొదట పేగు వాస్తుంది, కానీ నాలుగైదు వారాల్లో సర్దుకుంటుంది. కొర్రమీను మాంసాహారి, పేగు పొట్టి, దాని మీద అంత భరోసా పెట్టుకోలేం.

యూరియా పరీక్ష ఇంట్లోనే చేయొచ్చు. రెండు చెంచాల మేత పొడిని గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి వడకట్టండి. ఆ నీళ్లను రెండు గ్లాసుల్లో పోసి, ఒకదాంట్లో మాత్రమే అర చెంచా పచ్చి కందిపప్పు పిండి కలపండి. పచ్చి కందిపప్పులో, పచ్చి సోయాలో ఉండే యూరియేజ్ అనే ఎంజైమ్ యూరియాను అమ్మోనియాగా విడగొడుతుంది. అయిదు నిమిషాలాగి రెండింటిలోనూ ఎర్ర లిట్మస్ కాగితం ముంచండి. పిండి వేసినదే నీలమైతే యూరియా ఉన్నట్టు. రెండూ నీలమైతే మేత పాతబడి అమ్మోనియా పుట్టిందనో, యూరియాతో పాటు ఉడకని సోయా కూడా ఉందనో అర్థం. ఎలాగూ వద్దు.

పెద్ద లోడు కొనేవాళ్లు ల్యాబుకు పంపితే ముడి ప్రోటీన్ (పైన చెప్పిన 6.25 లెక్క) ఒక్కటే అడగొద్దు. ప్రోటీన్ కాని నత్రజని, ఇసుక, అఫ్లాటాక్సిన్ (బూజు విషం), పెప్సిన్ అనే జీర్ణ ఎంజైమ్‌లో అరిగే శాతం కూడా రాయించండి. సోయా చెక్క విడిగా కొని మేత ఆడించుకునేవాళ్లకు సోయా ఎంత ఉడికిందో చెప్పే యూరియేజ్ విలువ 0.05 నుంచి 0.20 మధ్య ఉండాలి. పొటాషియం హైడ్రాక్సైడ్‌లో కరిగే ప్రోటీన్ 70–85 శాతం ఉండాలి. అంతకు తగ్గితే సోయా మాడి, చేపకు అవసరమైన లైసిన్ అనే అమైనో ఆమ్లం దెబ్బతిన్నట్టు, పెరిగితే పచ్చిగా ఉన్నట్టు.

ఇప్పటికే ఈ మేత వేస్తున్నవాళ్లు ఒకరోజు పూర్తిగా ఆపి, నీళ్లలో మూడోవంతు మార్చి, ఇంతకుముందు వాడిన మామూలు మేతను సగం మోతాదులో మొదలుపెట్టండి. ఇకపై ఏ కొత్త మేతైనా నాలుగు రోజులు పావు వంతు, నాలుగు రోజులు సగం, మరో నాలుగు రోజులు ముప్పావు కలిపాకే పూర్తిగా మార్చాలి. డిసెంబరు, జనవరి చలిలో అరుగుదల మందగిస్తుంది కాబట్టి అప్పుడు అసలు మార్చొద్దు. ప్రతి లోడు నుంచి అరకిలో మేత సీలు వేసి, బిల్లుతో దాచండి. ఇవి లేకుండా ఫిర్యాదు నిలబడదు. మిగిలిన బస్తాల్లో యూరియా, బూజు లేవని తేలితే శీలావతి, బొచ్చె చెరువులో తవుడుతో కలిపి కొద్దికొద్దిగా వాడుకోవచ్చు. అలా నిర్ధారణ కాకపోతే అక్కడా వేయొద్దు.