ఒకే ఒక్క నగ కావాలంటే నక్షి పని మేలా, అచ్చు పోత మేలా?

నగ తమకొక్కరికే ఉండాలని కోరుకునేవారు ఇప్పుడు ముందుగా నమూనా గీయించుకుంటున్నారు. గీత కొత్తదైనంత మాత్రాన నగ ఒక్కటే అవుతుందని నేను అనుకోను. అచ్చు పోతలో, కంప్యూటరులో గీసిన రూపాన్ని మైనంతో తీసి, చుట్టూ జిప్సం పోసి, వేడికి మైనం కరిగిపోయాక మిగిలిన ఖాళీలోకి బంగారం పోస్తే లక్ష్మీదేవి పతకం ఎంతో నునుపుగా వస్తుంది. కానీ ఆ గీత, దానితో తీసిన రబ్బరు అచ్చు దుకాణంలోనే ఉండిపోతాయి కాబట్టి, అదే పతకాన్ని రేపు మరో పదిమందికి పోసి ఇవ్వడానికి అడ్డేమీ ఉండదు. 2023 ఏప్రిల్ 1 నుంచి హాల్‌మార్కులో తప్పనిసరైన ఆరు అక్షరాంకెల గుర్తింపు సంఖ్య, అంటే హెచ్‌యూఐడీ, ప్రతి నగకూ వేరుగానే ఉంటుంది. అయితే అది నగను గుర్తించి బంగారం స్వచ్ఛతను సరిచూసుకోవడానికే తప్ప, పనితనానికి ఆనవాలు కాదు.

నక్షి పనిలో దారి వేరు. స్వర్ణకారుడు బంగారు రేకును లక్కపై అతికించి, సన్నని ఉలులతో వెనుక నుంచి ఉబ్బెత్తు తీసి, మళ్లీ ముందువైపు తిప్పి కళ్లను, వేళ్లను, చీర కుచ్చెళ్లను ఒక్కొక్క దెబ్బతో తీరుస్తాడు. మా అమ్మమ్మ హారంలో పతకానికి ఇరువైపులా ఉన్న నెమళ్లలో ఎడమదాని మెడ కాస్త ఎక్కువ వంగి ఉంటుంది. చిన్నప్పుడు దాన్ని లోపమనుకున్నాను. ఒకే చేయి ఒకే పనిలో రెండో నెమలిని సరిగ్గా మొదటిదానిలా కొట్టడం సాధ్యం కాదని, ఆ హారానికి జత లేకపోవడానికి కారణం అదేనని తరువాత అర్థమైంది. ముడి కెంపులు, పచ్చలు పొదిగితే ఈ తేడా ఇంకా పెరుగుతుంది, ఎందుకంటే అక్కడ రాయి ఆకారాన్ని బట్టే గూడు కట్టవలసి ఉంటుంది.

రోజూ పెట్టుకునే ఉంగరాలకు, రెండూ అచ్చంగా ఒకేలా ఉండవలసిన కమ్మలకు పోత పనే మేలు. పలుచని రేకుతో చేసిన నక్షి నగ దెబ్బ తగిలితే సొట్టపోతుంది, మజూరీ కూడా ఎక్కువే.

పెళ్లికి చేయించే ఒక్క హారం విషయంలో మాత్రం నేను నక్షి పనినే ఎంచుకుంటాను. నగ వెనుకభాగం మూసి లేకపోతే, కొనే ముందు తిప్పి ఉలి దెబ్బల గుంటలు కనిపిస్తున్నాయో లేదో చూడాలి. పోత నగే చేయించుకునేవారు అచ్చును, గీతను తమకు అప్పగించాలని, ఆ నమూనాను మరొకరికి వాడకూడదని బయానా ఇచ్చేటప్పుడే రాయించుకోవడం మంచిది.