విప్పి చూడాలనిపించే వాళ్లకి మాకో కిట్ ఎంతవరకు పనికొస్తుంది?

పాడైన వస్తువును పారేసే ముందు లోపల ఏముందో చూడాలనిపించే వాళ్లకి మరమ్మతు పనిముట్లు అమ్మే ఐఫిక్సిట్ వాళ్ల మాకో డ్రైవర్ కిట్ మంచి తోడు. ఇందులో 4 మి.మీ. బిట్లు (స్క్రూడ్రైవర్ పిడికి మార్చి మార్చి తగిలించే మొనలు) 64, అల్యూమినియం పిడి ఒకటి, అయస్కాంతంతో మూసుకునే పెట్టె ఉంటాయి. పిడి కొసన విడిగా తిరిగే టోపీ ఉంది. దాని మీద చూపుడువేలు ఆనించి మిగతా వేళ్లతో తిప్పితే బిట్ స్క్రూ మీంచి జారదు.

అసలు బలం బిట్ల రకాల్లో ఉంది. ఐఫోన్ అడుగున అయిదు రేకుల పెంటాలోబ్ పీ2, నింటెండో స్విచ్ గేమ్ పరికరం వెనక మూడు కొమ్మల వై00, పాత గేమ్ క్యాట్రిడ్జ్‌లకి 3.8 మి.మీ. గేమ్‌బిట్, అన్నీ ఉన్నాయి. వీటన్నిటికన్నా ఎక్కువ మెచ్చుకోవాల్సింది జేఐఎస్ (జపాన్ పారిశ్రామిక ప్రమాణం) బిట్లను. జపాన్ పరికరాల్లో వచ్చే ఆ స్క్రూలు చూడ్డానికి అచ్చం ప్లస్ గుర్తు గాడి ఉండే మామూలు ఫిలిప్స్ స్క్రూల్లాగే ఉంటాయి. ఫిలిప్స్ బిట్ పెట్టి బలంగా తిప్పితే మాత్రం అది గాడిలోంచి పైకి లేచి తలను అరగదీస్తుంది. తల అరిగాక ఇక లోపలికి దారి కష్టమే. బిట్ ఊగుతోందంటే తిప్పకండి, ఒక సైజు పెద్దది పెట్టి చూడండి.

పెట్టె మూతలో స్క్రూలు విడివిడిగా పెట్టుకునే గళ్లున్నాయి. చిన్న సౌకర్యంలా కనిపిస్తుంది గానీ, ఆత్రంగా విప్పేవాళ్లను కాపాడేది ఇదే. ఫోన్ లోపలి స్క్రూల పొడవుల్లో తేడా మిల్లీమీటరులో కొద్ది వంతే ఉంటుంది. పొట్టిదాని చోట పొడుగుది బిగిస్తే అది సర్క్యూట్ బోర్డులోకి దిగి పొరల మధ్య సన్నటి రాగి దారులను తెంపేస్తుంది. అందుకే వచ్చిన వరుసలోనే గళ్లలో పెట్టండి, ప్రతి దశలో ఒక ఫొటో తీసుకోండి.

లోటు కూడా పెద్దదే. స్క్రూలన్నీ వచ్చాక క్లిప్పులు, జిగురు ఎదురవుతాయి. వాటిని విడదీసే ప్లాస్టిక్ పుల్లలు, పట్టకారు ఇందులో లేవు. చాలామంది ఇక్కడే చాకు అందుకుంటారు, అది లోపలి రిబ్బన్ కేబుల్‌నో బ్యాటరీనో కోస్తుంది. లిథియం బ్యాటరీకి గాటు పడితే నిప్పంటుకోవచ్చు. ఫోన్ విప్పే ముందు ఛార్జ్ 25 శాతం కంటే తగ్గించాలి, మూత తీయగానే ముందుగా బ్యాటరీ కనెక్టర్ ఊడదీయాలి. బ్యాటరీ ఉబ్బి ఉంటే అక్కడితో ఆపేసి తెలిసినవాళ్లకి అప్పగించండి. ఇంకో లోటు, బిట్లు పొట్టివి కావడంతో లోతైన ఇరుకు రంధ్రాల్లోకి పిడి మెడ దూరదు.

పిడికి అయస్కాంతం ఉంది. కింద పడిన స్క్రూకి అది వరమే గానీ, కీ ఇచ్చే గడియారాల దగ్గర వాడకండి. లోపల గడియారం వేగాన్ని అదుపులో ఉంచే సన్నటి చుట్ల స్ప్రింగు (హెయిర్‌స్ప్రింగ్) అయస్కాంతమెక్కితే చుట్లు ఒకదానికొకటి అంటుకుని గడియారం వేగంగా నడుస్తుంది.

అన్నిటికన్నా ప్రమాదం, బిట్ సరిపోయింది కదా అని విప్పేయడం. కొన్ని స్క్రూలకి ప్రత్యేకమైన తలలు పెట్టేది మనల్ని కాపాడటానికే. మైక్రోవేవ్ ఓవెన్‌లో కరెంటును నిలవ ఉంచే కెపాసిటర్‌లో ప్లగ్ తీశాక కూడా ప్రాణం తీసేంత వోల్టేజ్ మిగిలి ఉండొచ్చు. పాత కెమెరా ఫ్లాష్‌లోనూ దాదాపు 300 వోల్టులు ఉండొచ్చు. ఈ రెండింటి జోలికి పోకండి.

కిట్ కొత్తగా కొన్నవాళ్లు వైరున్న పాత మౌస్‌తో మొదలుపెట్టండి. స్క్రూలు అడుగున జారుడు పట్టీల కింద దాక్కుని ఉంటాయి. బటన్ కింద నల్లటి చిన్న స్విచ్ మూత జాగ్రత్తగా ఎత్తితే, లోపల వంగిన సన్నటి లోహపు రేకు కనిపిస్తుంది. ఒక్క నొక్కుకి రెండు క్లిక్కులు పడే జబ్బు చాలావరకు అక్కడిదే. ఆ రేకు అలసిపోతుంది, లేదా అది తాకే చోట మురికి పడుతుంది.